స్టెంట్ రోగులకు తెలుగులో మందుల కార్డు ఇవ్వాలి

సంపాదకులకు,

గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చే వాళ్ల డిశ్చార్జ్ కాగితం అంతా ఇంగ్లీషులోనే ఉంటోంది. రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెలో, టికాగ్రెలారో రాస్తారు. రెండూ కలిపి ఎన్నాళ్లు వాడాలో చాలాసార్లు ఉండదు. ఖాళీ స్ట్రిప్ మెడికల్ షాపులో చూపించి, అవే తెచ్చుకుంటూ ఏళ్లు గడిపేస్తున్నారు.

మా బాబాయి విషయంలో అదే జరిగింది. మోకాళ్ల నొప్పులకు అదే షాపులో డైక్లోఫెనాక్ కూడా తెచ్చుకునేవారు. విరేచనం తారులా నల్లగా అవుతుంటే, వేడి చేసిందిలే అని మజ్జిగ తాగారు. కళ్లు తిరిగి పడిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్తే, కడుపులో పుండు నుంచి రక్తం పోతోందన్నారు. రక్తం ఎక్కించి బతికించారు. నల్లటి విరేచనం ప్రమాద సూచన అని ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తెగిన చోట రక్తాన్ని ఆపేదీ, స్టెంట్‌లో గడ్డ కట్టించేదీ రక్తంలో ఉండే ప్లేట్‌లెట్లనే కణాలే. ఈ మందులు అణిచేది వాటినే. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ అది బతికే వారం, పది రోజులూ ఇక కోలుకోదు. రెండో మందు తోడైతే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. అలాగని పన్ను తీయించుకోవాలనో, భయపడో సొంతంగా మానేస్తే, ముఖ్యంగా మొదటి నెలల్లో, స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది.

గడ్డను ఆపుతూనే రక్తం పోనివ్వని మందు కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. ఈలోగా ఉన్న మందులనే తక్కువ ముప్పుతో వాడే పద్ధతులు తేలుతున్నాయి. 2019లో ఫలితాలు వచ్చిన ట్వైలైట్ అధ్యయనంలో మన దేశ రోగులూ ఉన్నారు. 3 నెలలు రెండూ వాడాక ఆస్పిరిన్ ఆపి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగించిన వాళ్లలో, తర్వాతి ఏడాదిలో గుర్తించదగ్గ రక్తస్రావం 4 శాతం. రెండూ కొనసాగించిన వాళ్లలో 7.1 శాతం. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు మాత్రం పెరగలేదు. ఇది అందరికీ వర్తించదు, ఎవరికి ఏది ఆపాలో గుండె డాక్టరే తేల్చాలి. మరి ఆయన దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలో రోగికి తెలియాలి కదా!

అందుకే, ప్రభుత్వ పథకాల కింద స్టెంట్ వేసే ప్రతి ఆసుపత్రీ తెలుగులో ఒక కార్డు ఇవ్వాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఆదేశించాలి. మందులు తిరిగి చూపించుకోవాల్సిన తేదీ, ముట్టుకోకూడని నొప్పి మాత్రల పేర్లు, వెంటనే ఆసుపత్రికి రావాల్సిన లక్షణాలు అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. డైక్లోఫెనాక్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఎప్పటి నుంచో ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు దాన్ని షాపుల్లో గట్టిగా అమలు చేయించాలి.

- ఒక పాఠకురాలు, తెనాలి