ప్రాపగేటర్ మూత తీయవలసిన వేళ

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటిలోపల కూరగాయల నారు పెంచుకోవడం గురించి మీ పత్రిక తోటపని పుటలో ఇటీవల ప్రచురించిన వ్యాసం కొత్తవారికి ఉత్సాహం కలిగించేదిగా ఉన్నప్పటికీ, అందులోని రెండు మాటలు సరిదిద్దవలసినవని భావించి ఈ లేఖ రాస్తున్నాను. విత్తనాలు మొలిపించే మూత ట్రే అయిన ప్రాపగేటర్ లేనిదే ఇంట్లో నారు పోయడం వృథా ప్రయాస అన్నది మొదటి మాట. మొక్కకు నాలుగు ఆకులు వచ్చేదాకా ప్రాపగేటర్ మూత తీయకూడదన్నది రెండవది. మొదటిది చదివి కొందరు అనవసరంగా వెనుకాడతారు, నష్టం అంతటితో సరి. రెండవది పాటించినవారు మాత్రం చక్కగా మొలిచిన నారును చేజేతులా పోగొట్టుకుంటారు.

ప్రాపగేటర్ అనేది నిజానికి చాలా సాదా పరికరం. లోతు తక్కువ ట్రే, దానిపై గాలి రంధ్రాలున్న పారదర్శకమైన మూత, కొన్నింటిలో అడుగున విద్యుత్తుతో వేడెక్కే పలక, ఇంతే దాని నిర్మాణం. పలక మట్టిని వెచ్చబరుస్తుంది, మూత తేమను ఆవిరై పోనీయకుండా ఆపుతుంది. విత్తనం నీరు పీల్చుకుని ఉబ్బి, పొట్టు పగిలి, వేరు మొన బయటికి రావడానికి కావలసినవి తేమ, గాలి, తగిన ఉష్ణోగ్రత. మనం పెంచే కూరగాయల్లో లెట్యూస్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, ఈ దశలో వెలుతురుతో పెద్దగా పని ఉండదు. అందుచేత ప్రాపగేటర్ ఉపయోగం విత్తనం మొలిచే ఆ కొద్ది రోజులకే పరిమితం. ఆపై నారు బతుకు వేరే విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ కొద్ది రోజుల్లో వెచ్చదనం చేసే మేలును నేను తక్కువ చేయడం లేదు. టమాటా విత్తనం 10 డిగ్రీల సెల్సియస్ మట్టిలో మొలవడానికి 40 రోజులకు పైగా పట్టవచ్చు. అదే విత్తనం 15 డిగ్రీల వద్ద సుమారు 2 వారాల్లోను, 25 డిగ్రీల వద్ద 6 రోజుల్లోను పైకి వస్తుంది. మిరప 15 డిగ్రీల వద్ద 3 వారాలు దాటిస్తుంది, 25 నుంచి 30 డిగ్రీల మధ్య 8 లేక 9 రోజుల్లో తల ఎత్తుతుంది. ఆలస్యమైతే ఏమి, ఓపిక పడితే చాలదా అని అడగవచ్చు. కాని నీరు పీల్చుకున్న విత్తనం చల్లని తడిమట్టిలో అన్ని రోజులు కదలక మెదలక ఉంటే అందులో కొంత భాగం కుళ్ళిపోవడం ఖాయం. కాబట్టి గది చల్లగా ఉండే రోజుల్లో మిరప, వంగ, టమాటా నారు పోసేవారికి అడుగు నుంచి వేడి అందించే పరికరం పనికివచ్చే వస్తువే. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి, లెట్యూస్ మాత్రం 15 నుంచి 20 డిగ్రీల మట్టిలోనే నిక్షేపంగా మొలుస్తాయి.

గది సహజంగానే 25 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు వేడి పలక అనవసరమే కాక హానికరం కూడా. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేని పలక చుట్టూ ఉన్న వేడికి తన వంతుగా మరో 5 నుంచి 10 డిగ్రీలు కలుపుతుంది. 30 డిగ్రీల గదిలో దానిని వాడితే మట్టి 40 డిగ్రీల దాకా చేరవచ్చు, అక్కడ టమాటా కూడా మొరాయిస్తుంది. లెట్యూస్ అయితే 30 డిగ్రీల దగ్గరే చాలావరకు మొలక ఆపివేస్తుంది. మరొక సంగతి: విత్తనం మొలవడానికి చెప్పే డిగ్రీలన్నీ మట్టివే గాని గదివి కావు. తడి ఆరే క్రమంలో మట్టి చల్లబడుతుంది కనుక అది గది కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువగానే ఉంటుంది. గోడకు తగిలించిన ఉష్ణమాపకాన్ని నమ్ముకోవడం కంటే, చిన్నదొకటి మట్టిలో గుచ్చి చూసుకోవడం మంచిది.

ప్రాపగేటర్ లేనివారు ట్రేను పలుచని ప్లాస్టిక్ సంచితో కప్పి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట పెడితే తేమ, వేడి రెండూ చాలావరకు అమరుతాయి. ఫ్రిజ్ పైభాగం అందుకు అనువైనదని పలువురు చెబుతారు గాని, కొత్త ఫ్రిజ్‌లలో అనేకం పైన వెచ్చగా ఉండవు, చెయ్యి పెట్టి చూసుకుని నిర్ణయించుకోవాలి. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి తడి కాగితం. పిండిన తడి కాగితం మడతల్లో విత్తనాలు పేర్చి, మూత ఉన్న డబ్బాలో ఉంచి, వేరు మొన కనబడగానే, అది పొడవు సాగకముందే, ఒక్కొక్కదానిని ట్రే గుంటలోకి మార్చాలి. డబ్బా చిన్నది కనుక దానికి వెచ్చని మూల వెతకడం సులభం. పైగా 10 విత్తనాలలో ఎన్ని మొలిచాయో లెక్క తెలుస్తుంది. ఉల్లి విత్తనం ఒకటి రెండేళ్ళకే శక్తి కోల్పోతుంది, టమాటా విత్తనం బాగా దాచితే నాలుగేళ్ళైనా మొలుస్తుంది. పాత విత్తనం తప్పును పరికరం లేకపోవడం మీదికి నెట్టివేసేవారిని నేను చాలామందిని చూశాను.

ఇక మూత సంగతి. ఒకే పొట్లంలోని మిరప విత్తనాలను రెండు ట్రేలలో వేసి, ఒకదానిని ప్రాపగేటర్‌లోను, రెండవదానిని సంచి కప్పి గదిలో ఒక మూలను ఉంచాను. మొదటిది 9వ రోజున మొలిచింది, రెండవది 17వ రోజు దాకా మొలవలేదు. త్వరగా మొలిచినవాటి మీద మమకారం కొద్దీ, చలి తగులుతుందేమోనన్న భయంతో మూత తీయలేదు, పలక ఆపలేదు. వారం తిరిగేసరికి కాడలు దారాల్లా సాగి, మట్టిని తాకే చోట నీరు పట్టినట్లు మెత్తబడి, ఒకటి తరువాత ఒకటి వాలిపోయాయి. అది నారుకుళ్ళు తెగులు. దానికి కారణమైన పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు గాలి ఆడని తడిలో విజృంభిస్తాయి, వాలిన మొక్కను తిరిగి నిలబెట్టే మందు లేదు. ఆలస్యంగా మొలిచిన ట్రేలోని నారే చివరకు మడికెక్కింది.

కాడలు అలా సాగడానికి కారణం తెగులు కాదు. వెలుతురు చాలనప్పుడు మొక్క దానిని వెదుక్కుంటూ పైకి సాగుతుంది, ఆ సమయంలో అడుగున వేడి ఉంటే మరింత వేగంగా సాగుతుంది. కిటికీ దగ్గరి వెలుతురు మన కంటికి పుష్కలంగా తోచినా మొక్కకు సాధారణంగా చాలదు, అదీ ఒక పక్క నుంచే వస్తుంది. దానికి ఎదురుగా తెల్లని అట్ట నిలబెడితే కొంత నయం. ఎల్‌ఈడీ ట్యూబులైట్‌ను మొలకలకు 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీసి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే ఇంకా మేలు. ప్రాపగేటర్, దీపం రెండింటిలో ఒకటే కొనగలిగినవారు దీపం కొనాలని నా అభిప్రాయం. మూత ఉన్న ట్రేను నేరుగా ఎండ పడే కిటికీలో మాత్రం పెట్టరాదు, గంటలోపే లోపలి మొలకలు ఉడికిపోతాయి. నీరు పైనుంచి చల్లకుండా ట్రే అడుగు నుంచి పీల్చుకోనివ్వడం, రోజుకొకసారి నారు తలల మీదుగా అరచేతిని మృదువుగా పోనివ్వడం కూడా కాడలకు మంచివి. ఈ రెండవది చాదస్తంలా కనబడుతుంది గాని, గాలికి ఊగిన మొక్కలాగే చేతికి ఊగిన మొక్క కూడా పొట్టిగా, గట్టిగా పెరుగుతుంది.

క్యారెట్, ముల్లంగి, బెండ, చిక్కుడు వంటివాటికి ఈ శ్రమంతా అక్కరలేదు, అవి నేరుగా మట్టిలో వేయవలసినవి.

మీ వ్యాసం చదివి ఇప్పటికే విత్తనాలు వేసినవారు ఉంటారు కనుక, వచ్చే వారపు పుటలోనే ఈ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను: ట్రేలో సగం విత్తనాలు మొలవగానే పలక ఆపి గాలి రంధ్రాలు తెరవాలి, ఆ తరువాత ఒకటి రెండు రోజుల్లో మూత పూర్తిగా తీసివేయాలి. వేర్వేరు పంటలు ఒకే మూత కింద వేసినవారు ముందు మొలిచినవాటిని వెంటనే వెలుతురులోకి మార్చుకోవాలి.

భవదీయుడు,
తోటపని పుట పాఠకుడు