కల్లు దుకాణం మూసేశారు సరే, తాగినోళ్లు ఎక్కడికి పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

కల్తీ కల్లు దుకాణాలపై ఎక్సైజ్ దాడుల వార్తలు మీ జిల్లా పేజీలో తరచూ చదువుతున్నాం. ఎన్ని సీసాలు పారబోశారు, ఆల్ప్రాజోలం అనే మత్తుమందు ఎంత దొరికింది, ఎవరి మీద కేసు పెట్టారు, అన్నీ ఉంటాయి. ఆ దుకాణంలో ఏళ్ల తరబడి తాగిన కూలీలకు ఆ తర్వాత ఏమవుతుందో, వాళ్లు ఏ ఆసుపత్రికి పోవాలో మాత్రం ఒక్క లైను ఉండదు. పాలమూరు పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మన దగ్గర మందు కల్లు అనేది దీన్నే. చెట్టు కల్లుకు సీజన్ ఉంటుంది, చెట్టు ఇచ్చేదానికి లెక్క ఉంటుంది. దుకాణంలో మాత్రం ఏడాది పొడుగునా సీసాలకు కొదవ ఉండదు. నీళ్లు, శాకరిన్ కలిపి, కిక్కు కోసం ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి వేస్తారు. రోజూ తాగేవారి ఒళ్లు ఈ మత్తుమందులకు అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేనివి కనబడతాయి. ఒకటి రెండు రోజుల్లోనో, డైజీపామ్ అయితే ఇంకొంచెం ఆలస్యంగానో ఫిట్స్ కూడా రావచ్చు. దాంతో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2015లో దాడులు ఒక్కసారిగా పెరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఆసుపత్రులకు జనం వరుస కట్టింది ఇందుకే. గాలి సోకిందని తాయెత్తు కట్టించి రెండు రోజులు ఇంట్లోనే ఉంచిన కుటుంబాలను నేను చూశాను.

తాగుడు మానిపిస్తే మంచిదే కదా అని చదువుకున్నవాళ్లే అంటుంటారు. మానాలి, కానీ ఈ మందును మెల్లమెల్లగా దించాలి. డాక్టర్లు అదే కోవకు చెందిన మాత్ర ఇచ్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ వస్తారు. చూసేవాళ్లకు అది ‘మత్తుకు మత్తు ఇవ్వడం’లా కనిపించినా వైద్యం అదే.

ఎక్కువైపోయినప్పుడు పరిస్థితి వేరు. మందు కల్లు మీద విస్కీ పడితే శ్వాస మందగిస్తుంది, మనిషి లేపినా లేవడు. అప్పుడు మన ఊళ్లలో మొదట చేసేది మజ్జిగో నిమ్మరసమో నోట్లో పోయడం. స్పృహ లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయాలి. తాగిన సీసా మిగిలి ఉంటే ఆసుపత్రికి పట్టుకుపోతే డాక్టరుకు పని తేలికవుతుంది. ఓవర్‌డోస్‌కు నాలోక్సోన్ అనే స్ప్రే ఉందని ఈ మధ్య కుర్రాళ్లు అడుగుతున్నారు. అది హెరాయిన్, మార్ఫిన్ జాతి మందులకే విరుగుడు. ఆల్ప్రాజోలం మీద పనిచేయదు. దీనికి వేరే విరుగుడు ఇంజెక్షన్ ఉన్నా, అలవాటు పడ్డవారికి అదే ఫిట్స్ తెప్పించగలదు కాబట్టి దాని సంగతి డాక్టర్లకే వదిలేయాలి.

ఇక సాయం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడమే పెద్ద టెన్షన్. ఫోన్‌లో వెతికితే ముందు కనబడేవి హైదరాబాద్ ప్రైవేటు సెంటర్ల ప్రకటనలు. అందులో ఏది రిజిస్టరైందో, ఏది మనుషుల్ని గదిలో పెట్టి తాళం వేసేదో మామూలు జనానికి ఎలా తెలుస్తుంది? హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మహబూబ్‌నగర్‌కు వంద కిలోమీటర్ల దూరం. కూలి పని వదులుకుని ఎన్నిసార్లు పోతారు? దూరం పోనవసరం లేకుండా దగ్గర్లోనే వైద్యం అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బులూ ఆ చట్టం కిందికే వస్తాయి. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో, పడకలెన్నో, ఆడవాళ్లకు విడిగా చోటుందో లేదో బోర్డు రాసి మండలాల్లో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్లలో మందు కల్లు తాగేవారున్నారని అధికారులకు తెలియదా? తెలుసు. పేపర్ మీదికి రాదంతే. నశా ముక్త్ భారత్ పేరుతో 2020 నుంచి ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతున్నాయి, పిల్లలు ఎండలో ప్లకార్డులు మోస్తున్నారు. ఆ ప్లకార్డుల మీద ఒక ఫోన్ నంబరైనా ఉంటే బాగుండు.

నంబర్లు లేవా అంటే ఉన్నాయి. మత్తు మానాలనుకునేవారికి 14446, మానసిక ఇబ్బందికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. 1908 మత్తుమందుల అమ్మకాలపై ఫిర్యాదులకు. కాబట్టి వైద్యం కోసం దానికి చేయకండి. పోలీసు కేసవుతుందేమోనని చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. కల్తీ కల్లు తాగి జబ్బు పడ్డవాడు బాధితుడే తప్ప నేరస్తుడు కాడని డాక్టర్లు, పోలీసులు ఇద్దరూ గట్టిగా చెప్పాలి.

దాడి చేసే ముందే ఎక్సైజ్ వాళ్లు జిల్లా వైద్యాధికారికి రహస్యంగానైనా సమాచారం ఇవ్వాలి. ఆ మండలం పీహెచ్‌సీలో ఫిట్స్ మందులు సిద్ధంగా ఉండాలి, మరుసటి వారమంతా ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరగాలి. దుకాణానికి వేసిన సీలు పక్కనే ఎక్కడికి పోవాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ఒకటి అంటించాలి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇదే రాసివ్వబోతున్నాం. మీ పత్రిక కూడా దాడి వార్త వేసిన ప్రతిసారీ కింద 14446, 14416 నంబర్లు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రిటైర్డ్ ఆరోగ్య కార్యకర్త,
మహబూబ్‌నగర్ జిల్లా