కుట్లు విప్పారు సరే, పనికి ఎప్పుడు పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో టైల్స్ మేస్త్రీని. ఇరవై ఏళ్లుగా మోకాళ్ల మీదే నా బతుకు. కీళ్లవాతంతో ఎడమ మోకాలి లోపలి పొర వాచి, నీరు పట్టి, మందులకు లొంగకపోతే మొన్న వేసవిలో చిన్న రంధ్రాలు పెట్టి ఆ పొర తీసేశారు. డాక్టర్లు బాగా చూశారు, ఆ మాట చెప్పాలి. కానీ డిశ్చార్జి కాగితంలో నా పని గురించి ఉన్నది ఒక్కటే ముక్క: 'రెస్ట్'. ఎన్నాళ్లు, ఏ పనికి అన్నది లేదు.

ఐదో వారం రాగానే ఇంటి కిరాయి, పాప ఫీజు టెన్షన్‌తో సైటుకు పోయాను. మా పనంటే రోజంతా గొంతుక్కూర్చోవడం, లేదంటే మోకాలు నేలకానించి, టైలు పరిచి, రబ్బరు సుత్తితో తట్టి, లెవెల్ చూసుకుంటూ వెనక్కి జరగడం. మధ్యాహ్నానికే మోకాలు బిగిసింది. సాయంత్రం ప్యాంటు మడవబోతే వాపు దాటి పైకి రాలేదు. మళ్లీ పది రోజులు మంచం.

తర్వాత ఫిజియోథెరపీ చేసే ఆయన చెబితే అర్థమైంది. పొర తీసినంత మాత్రాన కీళ్లవాతం పోదు, మందులు ఆపకూడదు. కాలు వంచకుండా ఉంటే కీలు బిగుసుకుపోతుంది, తొడ కండ తగ్గిపోతుంది. తొందరపడి బరువు వేస్తే వాస్తుంది. ముందు నడక, తర్వాత మెట్లు, ఆపైన కూర్చుని లేవడం. మోకాలు నేలకానించే పని అన్నిటికంటే చివర. ఈ నాలుగు మాటలు తెలుగులో రాసిచ్చి ఉంటే నేను ఆ రోజు సైటుకే పోయేవాణ్ని కాదు. కుర్చీలో కూర్చునే ఉద్యోగికీ నాకూ ఒకే కాగితం ఇస్తే ఎలా?

మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషం. ఆపరేషన్ తర్వాతి వ్యాయామాలు కూడా దగ్గర్లోని సర్కారు దవాఖానాలో చేయించాలి. వారానికి మూడుసార్లు ఆటో కిరాయి పెట్టలేక నేను సగంలో మానేశాను. ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. అడ్డా మీద నిలబడేవాడికి ఆ కార్డే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో, ఆపరేషన్ నుంచి కోలుకునేవాళ్లకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇచ్చే పథకం తెచ్చారు. నాకు అలాంటి ఆసరా ఉంటే ఐదో వారంలో సుత్తి పట్టేవాణ్ని కాదు.

డబ్బు సంగతి తేలడానికి టైం పడుతుందేమో. ఎవరి పనిని బట్టి వాళ్లకు రాసిచ్చే ఆ ఒక్క కాగితం విషయమైనా వైద్యారోగ్య శాఖ వెంటనే చూడాలి.

– ఒక టైల్స్ మేస్త్రీ, హనుమకొండ