రొమ్ము ఆపరేషన్ తర్వాత ‘కరెంటు’: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. మా వదినగారికి రొమ్ము క్యాన్సర్ వస్తే గడ్డ మాత్రమే తీసి, తర్వాత రేడియేషన్ (క్యాన్సర్ కణాలను చంపే కిరణాల వైద్యం) రాశారు. మా వైపు దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాటలోనే సగం భయం ఉంది. ఛాతీ మీద గీసిన మార్కింగ్ గీతలు చెమటకు చెరిగిపోతాయేమోనని, విశాఖ కాంప్లెక్స్‌లో బస్సు దిగేదాకా ఆవిడ పమిట కింద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ వైద్యం ఎందుకో, మానేస్తే ఏమవుతుందో ఆపరేషన్ చేసినచోట ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, సంతకం మాత్రం తీసుకున్నారు.

చెప్పదగిన సంగతులు లేక కాదు. రొమ్మును నిలిపి చేసిన ఆపరేషన్ల తర్వాత రోగులపై జరిపిన 17 పరిశోధనలను, 10,801 మంది స్త్రీల వివరాలను కలిపి చూసి 2011లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పదేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు రేడియేషన్ లేనప్పుడు వందకు 35 మంది కాగా, తీసుకున్నవారిలో 19 మందే. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో మరణించినవారు 25 నుంచి 21కి తగ్గారు. అయితే 65 ఏళ్లు దాటి, గడ్డ చిన్నదై, హార్మోన్ మాత్రలు వాడుతున్న కొందరికి రేడియేషన్ మానినా ఆయుష్షులో తేడా కనిపించలేదు, అదే రొమ్ములో తిరగబెట్టడం మాత్రం పెరిగింది. కనుక అందరికీ ఒకే మాట చెప్పడం కుదరదు.

నష్టాలనూ దాచకూడదు. చర్మం కమిలి పొట్టు రేగడం, నీరసం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. చంకలోని గ్రంథులకు కూడా వైద్యం జరిగితే చెయ్యి వాచవచ్చు. ఎడమ రొమ్ము అయితే గుండెకు తగిలే మోతాదును బట్టి ఏళ్ల తర్వాత ముప్పు పెరుగుతుంది. ఊపిరి బిగపట్టించి ఇచ్చే పద్ధతితో ఆ మోతాదు తగ్గించవచ్చు. రేడియేషన్ వల్ల పెరిగే ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెజబ్బు ముప్పు పొగతాగేవారికి తాగనివారికంటే బాగా ఎక్కువ. అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) కాల్చే అమ్మలు మా తీరాన ఇంకా ఉన్నారు కాబట్టి, పొగ అలవాటు ఉందా అని అన్ని జిల్లాల్లోనూ అడగాలి, ఇక్కడైతే తప్పకుండా అడిగి తీరాలి.

ఇక దూరం సంగతి. టెక్కలి నుంచి విశాఖ 150 కిలోమీటర్లకు పైమాటే, ఇచ్ఛాపురం వాళ్లకు ఇంకా ఎక్కువ. రేడియేషన్ కోసం అన్ని వారాలు తిరగలేమని రొమ్ము మొత్తం తీయించుకున్నవారు నాకు తెలుసు. గడ్డ పెద్దదైనా, చంకలోకి పాకినా అలా తీయించుకున్న తర్వాత కూడా రేడియేషన్ అవసరం కావచ్చని వాళ్లకు ముందు తెలియదు. 15 రోజుల వైద్యానికి 5 రోజుల్లో ఇచ్చే 26 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు తీసిపోదని బ్రిటన్ పరిశోధన 2020లో చూపింది. అది అందరికీ తగదు, కానీ తగినవారికి ఆ దారి ఉందని చెప్పాలి కదా.

అందుచేత ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ డాక్టరుతో ఒకసారి మాట్లాడించాలని, లాభనష్టాలను ‘కరెంటు’ అనే మాటతో సహా తేట తెలుగులో రాసిన కాగితం చేతికివ్వాలని, వైద్యం సాగినన్నాళ్లు రోగికీ తోడు వచ్చినవారికీ విశాఖలో బస, బస్సు ఖర్చు ఆరోగ్య పథకంలోనే కలపాలని కోరుతున్నాను. ఆ కాగితం ముసాయిదాను అచ్చుకు ముందు మా ఊరి డ్వాక్రా సంఘంలో చదివించి చూడండి. ఎక్కడ అర్థం కాలేదో వాళ్లే చెబుతారు.

ఇట్లు,
టెక్కలి మండల వాసి