మిషన్ ఆస్పత్రిలో చేరుతున్న చెల్లికి

లీడ్స్,
ఆదివారం రాత్రి

చిన్నీ,

ప్రభువు నామంలో వందనాలు. సోమవారం నుంచి మెడికల్ వార్డులో డ్యూటీ అట కదా, అమ్మ చెప్పింది. గుంటూరులో అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1883లో దిగి, 1898లో ఆస్పత్రి తెరిచిన కాలం నుంచీ మన వైపు మిషన్ ఆస్పత్రి సిస్టరంటే జనానికి ఒక గురి. గోడకి వాక్యం క్యాలెండర్ ఎవరైనా తగిలిస్తారు. నువ్వు వాడిన సూది ఎక్కడ పడేస్తావో అది చూసుకో ముందు.

ఇంజెక్షన్ అయ్యాక సూదికి మళ్లీ మూత పెట్టకు, గుచ్చుకునేది అప్పుడే. మంచం దగ్గరే, సూది దిగని తెల్ల డబ్బాలో వేసెయ్. డబ్బా ముప్పాతిక నిండగానే మూసెయ్. ట్రేలో దూది మధ్య, పసుపు సంచిలో వదిలేసిన సూది నిన్నేమీ చెయ్యదు. తెల్లారి ఆ సంచి ఎత్తే ఆయమ్మ చేతిలో దిగుతుంది. ఆమెకి హెపటైటిస్ బి టీకా 3 డోసులూ పడ్డాయో లేదో అడుగు, చాలాచోట్ల ఆయాల సంగతి ఎవరికీ గుర్తుండదు. గుచ్చుకుంటే వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి వెంటనే డాక్టరుకి చూపించాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 2 గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే దండగ. నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాటకి వార్డులో మొదటి అర్థం ఆ తెల్ల డబ్బానే.

ఇక కాళ్లు. యోహాను 13లో ప్రభువు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. ఈస్టరు ముందు గురువారం చర్చిలో కడిగించుకునే కాళ్లు ఇంటి దగ్గర శుభ్రంగా కడుక్కొచ్చినవి, షుగర్ పేషెంటు కాళ్లు అలా ఉండవు. స్క్రీన్ లాగి, ఏం చెయ్యబోతున్నావో చెప్పి మొదలుపెట్టు. నీళ్లు 37 డిగ్రీలు దాటకూడదు. వేడి ఎలా ఉందని ఆయన్ని అడిగి లాభం లేదు, స్పర్శ పోయిన కాలికి మరిగే నీళ్లూ తెలియవు. నీ మోచెయ్యి పెట్టి చూడు. నానబెట్టకు. అసలు పని తువ్వాలుది. వేళ్ల సందుల్లో తడి మిగిలితే చర్మం నాని, తెల్లబడి, చిట్లి, పుండు అక్కడే మొదలవుతుంది. రుద్దకుండా ఒక్కో సందూ అద్దు. వాజలిన్ మడమలకే, వేళ్ల మధ్య వద్దు. గోళ్లు తిన్నగా కత్తిరించు, మూలల్లోకి దిగకు. ఆనెకాయ జోలికి పోకు. రెండు అరికాళ్లూ తాకి చూడు: ఒకటి ఎర్రగా, రెండోదానికంటే వెచ్చగా ఉంటే ఆ పూటే డాక్టరుకి చెప్పాలి.

పట్టుచీరకి "మీరు", మాసిన లుంగీకి "నువ్వు" అనే అలవాటు సీనియర్లని చూసి నీకూ అంటుకుంటుంది, జాగ్రత్త. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు చూపించిన సంఘాన్ని యాకోబు 2వ అధ్యాయంలో ఎలా నిలదీశాడో చదివావుగా.

విశ్వాసులమైన మనమే ఎక్కువ పొరపడే చోటు తోటివాళ్ల తప్పు. ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 ఉండే సీసాకి నారింజ మూతది. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. తోటి సిస్టరు అలా ఇచ్చేసింది అనుకో. ముందు షుగర్ చూడు, డాక్టర్ని పిలువు. 70కి తక్కువైతే, మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకు. తర్వాత ఉన్నదున్నట్టు చార్టులో రాయాలి, ఇంటివాళ్లకీ చెప్పాలి. "పోనీలే, క్షమించాం" అని దాచేస్తే రేపు రాత్రి అదే సిరంజి ఇంకొకరికి. మత్తయి 18 ఒంటరిగా మాట్లాడమన్నది ఆమె పరువు నిలపడానికి, చార్టు ఖాళీగా ఉంచడానికి కాదు. అలాగని "ఆమె కోసం ప్రార్థించండి" అంటూ క్యాంటీన్లో విషయం పంచిపెట్టకు. అది చాడీయే, చివర్లో ఆమేన్ చేర్చినా సరే.

రోగి కోసం పైకి ప్రార్థించాలంటే ఆయన అడగాలి. ఇక్కడ ఇంగ్లండు నర్సుల నియమావళిలో సొంత నమ్మకాలని తగని రీతిలో చెప్పకూడదని రాసే ఉంది. మంచం దిగలేని మనిషి నీ మొహం చూసి "వద్దమ్మా" అనలేడు. అడిగితే మెల్లగా, అర నిమిషం చాలు. దుప్పటి మార్చేటప్పుడు దిండు కింద విభూతి పొట్లమో తాయెత్తో దొరికితే తడవకుండా పక్కన పెట్టి, మళ్లీ అక్కడే ఉంచు.

క్రిస్మస్ సెలవు అడిగే ముందు సంక్రాంతి, రంజాన్ డ్యూటీలు నువ్వు చేస్తానని ఇన్‌ఛార్జ్ సిస్టరుకి రాసివ్వు. డిసెంబరులో కాదు, రోస్టరు వేసే ముందే.

అమ్మానాన్నలకి వందనాలు చెప్పు.

మీ అక్క