తేలే గుడ్డు, తేలే గింజ: విద్యాశాఖ మంత్రి గారికి ఒక వంట మేస్త్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

నేను కోనసీమలో పెళ్లిళ్లకీ అన్నసమారాధనలకీ వండిన వంట మేస్త్రిని. యాభై ఏళ్లు గాడిపొయ్యి ముందు నిలబడ్డాను. మోకాళ్లు ఒప్పుకోక ఈమధ్యే మానేశాను. చదువు అయిదో తరగతితో ఆగింది కాబట్టి నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్లో టైపు చేస్తోంది. మంత్రి గారికి రాసేటప్పుడు గుడ్ల సంగతీ ఎసరు సంగతీ ఎందుకు తాతా అంటోంది. నాకు తెలిసింది అదే మరి.

నేను రాసేది బడి భోజనం గురించి. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మా వంటవాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఆవిడ 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయారు. ఏరు దాటి వచ్చిన మనిషి ఏ వేళ తలుపు తట్టినా పొయ్యి వెలిగించేవారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే, నేను వెళ్తే ఇక్కడ అన్నానికొచ్చే వాళ్లని ఎవరు చూస్తారని వెళ్లలేదట. మా వైపు ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర గోదారి పాయ వైనతేయ మీంచి కాలవని దాటించే అక్విడక్టుకీ ఆవిడ పేరే పెట్టారు.

పేరు చాలా బాగుంది. కానీ ఆ పేరు కింద రోజూ పొయ్యి దగ్గర నిలబడే ఆడమనిషిని కాగితాల్లో ఏమంటారో చూడండి. ‘కుక్ కమ్ హెల్పర్’. వండేదీ ఆవిడే, గిన్నెలు తోమేదీ ఆవిడే. ఇది బాగుంది, ఇది పనికిరాదు అని చెప్పే అధికారం మాత్రం ఆవిడకి లేదు. నా ఉత్తరమంతా ఆ ఒక్క అధికారం గురించే.

వంటకి అధికారం ఎందుకు అనుకుంటారేమో. ఇంట్లో నలుగురికి వండేవాళ్లే కదా, బళ్లో వంద మందికి వండలేరా అని చాలామంది అనుకుంటారు. నలుగురికి పోసే ఎసరుని ఇరవై అయిదు రెట్లు చేసి పోయండి, అన్నం జావ అవుతుంది. చిన్న గిన్నెలో ఇగిరినట్టు గుండిగలో నీళ్లు ఇగరవు. పైగా గుండిగ దించాక కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది. అందుకని పలుకు మీద ఉండగానే గంజి వార్చాలి. కొత్త బియ్యానికి ఒక లెక్క, పాత బియ్యానికి ఇంకో లెక్క. ఇవి ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకునేవి కావు.

మా గురువు నన్ను రెండేళ్లు పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. కందలు చెక్కించాడు, కొబ్బరికాయలు కొట్టించాడు, పనసపొట్టు కొట్టించాడు. చేతులకి పాలు అంటుకుని రాత్రుళ్లు కూడా వదిలేవి కాదు. మూడో ఏడు ఒకసారి పప్పు గుండిగకి వీపు పెట్టి నిలబడమన్నాడు. ‘‘చూడకుండా చెప్పు, అడుగంటుతోందా లేదా?’’ అన్నాడు. నాకు తెలియలేదు. ఆ రోజు భోజనాల్లో ఆఖరి బంతిదాకా నన్ను అక్కడే నిలబెట్టాడు. పప్పు చిక్కబడే కొద్దీ బుడగ చప్పుడు మందంగా మారుతుంది. ఆ మార్పు చెవికి తెలియాలి, ముక్కుకి మాడు వాసన వచ్చే లోపల తెడ్డు తిప్పాలి. వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. నేను నేర్పిన కుర్రాళ్లనీ ఇలాగే నిలబెట్టాను. ఇద్దరు పారిపోయారు కూడా. మిగిలినవాళ్లలో కొందరు హైదరాబాదులో, ఒకడు బెంగళూరులో క్యాటరింగ్ చేసుకుంటున్నారు. పిల్లలు ఎక్కడో అక్కడ బాగున్నారు.

1986 ఆగస్టులో గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటాయి. లంకల్లో జనమంతా ఏటిగట్టు మీదకొచ్చారు. పెళ్లి గుండిగలు పడవల్లో వేసుకుని మేమూ గట్టెక్కాం. పుల్లలన్నీ తడిసిపోయాయి. కొబ్బరి డొక్కలూ మట్టలూ ఎండినవి ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకొచ్చి పొయ్యి రాజేశాం. 1996 నవంబరు 6 తుఫానులో మాత్రం కట్టెలకి కొరవ లేదు, కోనసీమలో చెట్లన్నీ నేలమీదే ఉన్నాయి. అప్పుడు లేనివి మంచినీళ్లు. వారం రోజులు వండాం. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

2022 జులైలో మళ్లీ లంకలు మునిగినప్పుడు ఒక బడిలో వండటానికి పిలిచారు. అక్కడే ఆ బడి వంట చేసే ముగ్గురు ఆడవాళ్లు పరిచయమయ్యారు. ఆ బళ్లో పిల్లలు రెండు వందల మంది. పథకం లెక్క ప్రకారం 25 మంది పిల్లలదాకా ఒక మనిషి, వందదాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఇంకొకరు. అంటే రెండు వందలకి ముగ్గురు. నేనైతే రెండు వందల విస్తళ్ల పెళ్లికి ఎనిమిది మందిని తక్కువ కాకుండా పెట్టుకునేవాణ్ణి. పెళ్లిలో వంటకాలు ఎక్కువ, నిజమే. కానీ పెళ్లి ఒక్క రోజే కదండీ.

వాళ్ల చేతిలో ఒడుపు ఉంది. వాళ్లకి లేనిది చెప్పి నేర్పేవాళ్లే. అందుకని వరద తగ్గాక వీలైనప్పుడల్లా ఆదివారాలు వాళ్లనీ, చుట్టుపక్కల బళ్లలో వండేవాళ్లనీ మా పెరట్లోకి రమ్మన్నాను. మొదట్లో అయిదుగురు వచ్చారు, తర్వాత పదిహేను మంది దాకా అయ్యారు. పాలకూర పప్పులో ఎప్పుడు వెయ్యాలి, రెండు వందల గుడ్లు పెంకు ఊడేలా ఎలా ఉడకబెట్టాలి (దించగానే చన్నీళ్లలో పడెయ్యాలి, అంతే), పులిహోరకి అన్నం ఆరబెట్టేటప్పుడు పసుపూ నూనే ఎప్పుడు కలపాలి. ఇలాంటివే. వాళ్ల దగ్గర నేనూ నేర్చుకున్నాను. రాగిజావ ఉండ కట్టకుండా కాయడం నాకు నిజంగా రాదు. పెళ్లిళ్లలో ఎవరు పోస్తారు రాగిజావ?

ఒక ఆదివారం ఒకావిడ కొంగున ముడి విప్పి గుప్పెడు బియ్యపు గింజలు నా ముందు పోసింది. ‘‘బాబాయ్, ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు, కడుగుతుంటే పైకి తేలుతున్నాయి. నేను రోజూ ఏరి పారేస్తున్నాను’’ అంది. పిల్లలకి ఏమైనా అవుతుందేమోనని ఆవిడ టెన్షన్. నాకూ తెలియక మా మనవరాలిని అడిగాను. అవి పోషకాలు కలిపిన గింజలట. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, గింజలా అచ్చు పోసి, వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారట. రక్తం తక్కువగా ఉన్న పిల్లల కోసం ఖర్చుపెట్టి కలిపింది ఈ తల్లి ప్రేమకొద్దీ ఏరి కాలవలో పోసింది. తప్పు ఆవిడది కాదు. బస్తా పంపినవాళ్లు ఆవిడకి ఒక్క మాట చెప్పలేదు.

ఆ రోజునుంచి మా పెరటి బడిలో ఒక మాట పెట్టుకున్నాం. తేలే గుడ్డు పారెయ్యి, తేలే గింజ ఉంచు.

ఇక గుడ్ల సంగతి. ఊరు చెప్పను, బడి చెప్పను. మా దగ్గర నేర్చుకున్న ఒకావిడ గుడ్లు నీళ్లలో వేసి చూస్తే సగానికి సగం తేలాయి. గుడ్డు పాతబడే కొద్దీ లోపల గాలి పెరుగుతుంది, అందుకే తేలుతుంది. వీటిని వండనని చెప్పింది. ‘‘అమ్మా, వచ్చినవి వండటమే మీ పని. లెక్కలో అన్ని గుడ్లూ కనపడాలి’’ అన్నారు. ఆవిడ వండలేదు. ఆ పూట పిల్లలకి గుడ్డు లేకుండానే పెట్టింది. మర్నాటి నుంచి ఆవిడని రావద్దన్నారు, రెండు నెలల తర్వాత ఊళ్లో పెద్దమనుషులు చెబితే మళ్లీ పెట్టుకున్నారు. ఆ రెండు నెలల డబ్బు పోయింది. గుడ్లు పంపినవాళ్లకి ఏమైందో మాకెవరికీ తెలియదు.

అయ్యా, 2013 జులై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ అనే ఊళ్లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు. నూనె తేడాగా ఉందని వండే ఆవిడ చెప్పిందనీ, ఫరవాలేదు వండమన్నారనీ అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఆవిడా అదే అన్నం తిని ఆస్పత్రి పాలైంది. ఆ వార్త నాకు టీవీలో చూసినప్పటి కంటే, మా దగ్గర నేర్చుకున్న ఆవిడని మాన్పించిన రోజు ఎక్కువ గుర్తొచ్చింది. పిల్లల కంటే ముందు ఒక టీచరు రుచి చూడాలని నిబంధన ఉంది, మంచిదే. కానీ రుచి చూసేసరికి వంట అయిపోయి ఉంటుంది, పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. డబ్బా మూత తీసిన క్షణాన వాసన పట్టేది వండే మనిషే. ఆ ముక్కుకి విలువ ఇవ్వండి.

కాబట్టి నేను అడిగేది ఇది. సరుకు బాగాలేదని వండే మనిషి చెబితే, ఆ పూట దాన్ని వండకూడదని కాగితం మీద రాయించండి. బడిలో ఒక పుస్తకం పెట్టించండి, ఆవిడ చెప్పింది అందులో రాయాలి, ఆవిడ సంతకమో వేలిముద్రో ఉండాలి. ఆ పేజీ మండలానికి వెళ్లాలి. అలా చెప్పినందుకు ఆమెని మాన్పించకూడదు. దీనికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

ఖర్చున్న సంగతీ ఒకటి చెప్పాలి. ఈ పనికి కేంద్రం నెలకి వెయ్యి రూపాయలని, అదీ ఏడాదికి పది నెలలని 2009లో పెట్టిన లెక్క అలాగే ఉంది. మన రాష్ట్రం కలిపి మూడు వేలు చేసింది. దాన్ని గౌరవ వేతనం అంటారు. నేను పెళ్లి వంటకి కూరలు తరగడానికి పిలిచే మనిషికి రెండు మూడు పూటలకి ఇచ్చేది ఇంచుమించు అంత ఉంటుంది. ఆ మూడు వేలూ, కూరగాయల బిల్లులూ సమయానికి రాకపోతే కొట్లో అప్పు పెట్టేదీ ఆవిడే. కొట్టువాడి దగ్గర అప్పున్న మనిషి, వాడు ఇచ్చిన పుచ్చు వంకాయని వద్దని ఎలా అంటుంది? నేను చెప్పే అధికారానికీ ఈ డబ్బుకీ లంకె అక్కడుంది. బిల్లు నెల దాటకుండా చూస్తే సగం బళ్లలో కూరలు వాటంతటవే బాగుపడతాయి. ఇది నా అంచనా మాత్రమే, కానీ యాభై ఏళ్లు కూరగాయలు బేరమాడినవాడి అంచనా.

సీతమ్మ గారిది దానం. ఆవిడ ఇంట్లో ధాన్యం, ఆవిడ ఇష్టం, ఎవరూ ఆవిడని మాన్పించలేరు. ఈ ఆడవాళ్లది పని. సేవ, పుణ్యం అని పెద్దవాళ్లు సభల్లో అంటుంటే వాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి చీటీ డబ్బులు ఎలా కట్టాలా అని ఆలోచిస్తారు. నేను విన్నాను ఆ మాటలు, మా పెరట్లోనే.

మా జిల్లాలోనే పని మానేసి ఇంటిపట్టున ఉన్న వంట మేస్త్రిలు చాలామంది ఉన్నారు. పిలిస్తే వస్తారు. జూన్ 12న బళ్లు తెరుస్తారు కదా, దానికి ముందు మే నెలలో మండలానికి రెండు రోజులు వండేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఆ రెండు రోజులకీ వాళ్లకి కూలి ఇవ్వండి. ప్రొజెక్టరు పెట్టి చూపించొద్దు, రెండు గుండిగలూ బస్తా బియ్యమూ చాలు. నాకు డబ్బు వద్దు. బస్సు చార్జీ, కూర్చోవడానికి ఒక ఎత్తు పీట ఉంటే వస్తాను. కత్తిపీట నాదే తెచ్చుకుంటాను, వేరేవాళ్ల కత్తిపీట నాకు తెగదు.

ఇట్లు,
ఒక వంట మేస్త్రి,
కోనసీమ.