లిక్విడ్ నైట్రోజన్ బిల్లు గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

యూనివర్సిటీ గ్రాంట్ల సంగతి మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, ఆ ఫైళ్లన్నీ మీ టేబుల్ మీదుగానే పోతాయి. మా ల్యాబ్ లిక్విడ్ నైట్రోజన్ బాకీ కట్టమని రిజిస్ట్రార్ గారికి రాశాం, ఫైనాన్స్ ఆఫీసర్ గారిని బతిమాలాం, మీ పేషీలో అర్జీ ఇచ్చి స్టాంపు కూడా వేయించుకున్నాం. ఏదీ కదల్లేదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నా, ఏమనుకోకండి.

మా ల్యాబ్‌లో క్యాన్సర్ మందు కోసం రుథేనియం అనే లోహంతో చేసే కాంపౌండ్ల (కాంప్లెక్సుల) మీద పని. క్యాన్సర్‌కి లోహంతో మందేంటని నవ్వుతారు కొందరు, మరి వార్డుల్లో రోజూ ఎక్కించే సిస్‌ప్లాటిన్ ఏంటి, ప్లాటినమే కదా. 1965లో రోసెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త బాక్టీరియా మీద కరెంటు ఏం చేస్తుందో చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెడితే బయటపడింది, 1978కల్లా అమెరికాలో మందైంది. కాకపోతే కిడ్నీలు పాడవకుండా సెలైన్ మీద సెలైన్ ఎక్కించాలి, వాంతులు, చెవుల్లో హోరు, కొన్నాళ్లకి గడ్డ ఆ మందుకి లొంగడం కూడా మానేస్తుంది. అందుకే ఈ రుథేనియం వెతుకులాట. మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లినవి ఉన్నాయి గానీ క్యాన్సర్ మందుగా అనుమతి ఒక్కదానికీ రాలేదు. మేం చేసినదే మందైపోతుందని నేనూ అనట్లేదు. కానీ పనికొస్తుందో రాదో తేల్చాలన్నా ముందు దాన్ని పరీక్షించే క్యాన్సర్ కణాలు బతికుండాలి కదా సార్.

మా హీలా, ఏ549 అనే రెండు రకాల క్యాన్సర్ కణాలు మైనస్ 196 డిగ్రీల్లో లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో ఉంటాయి. అది ఊరికే ఆవిరైపోతుంటుంది, పోస్తూ ఉండాల్సిందే. పాత బాకీ కడితేనే బండి పంపుతానన్నాడు సప్లయర్, అతన్నీ తప్పుపట్టలేం. కొన్నాళ్లు స్కాలర్లమే చందాలేసుకుని పోయించాం, మా ఫెలోషిప్పులు ఎప్పుడు పడతాయో మీకు తెలియందా. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చి క్యాన్‌లో స్కేలు ముంచి తీస్తే మంచు పట్టిన గీతే లేదు, పొడిగా వచ్చింది. అయినా ఆశ చావక కణాలున్న వయల్స్ (చిన్న సీసాలు) కరిగించి ఫ్లాస్కుల్లో వేశాం, బతికున్న కణమైతే అడుక్కి అంటుకుంటుంది, తెల్లారి మైక్రోస్కోప్‌లో చూస్తే అన్నీ గుండ్రంగా పైన తేలుతున్నాయి. మా జూనియర్ అమ్మాయి ఫ్లాస్కు అటూ ఇటూ వంచి చూస్తూనే ఉంది, ఒక్కటైనా అంటుకుందేమోనని.

అంటే క్యాన్సర్ కణాల్ని చంపడానికి రుథేనియం అక్కర్లేదండి, ఒక పెండింగ్ బిల్లు చాలు. పేటెంట్‌కి అప్లై చేయమంటారా?

ఆ కణాల్ని మళ్లీ పుణేలోని ఎన్‌సీసీఎస్ అనే కణాల పరిశోధన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు, నిజమే. డబ్బులెవరిస్తారు? తెప్పించినా ఎక్కడ దాచాలి, ఆ ఖాళీ క్యాన్‌లోనేనా? చేసిన కాంపౌండ్లు డెసికేటర్‌లో, అంటే తేమ తగలని గాజు పాత్రలో, లేబుళ్లతో సహా కూర్చున్నాయి, థీసిస్ గడువు మాత్రం ఆగదు. సెమినార్లకొచ్చి పరిశోధన పెరగాలి, పేటెంట్లు రావాలి అంటారు, మేమూ చప్పట్లు కొడతాం. ఆ స్టేజీ పూలకైన ఖర్చుతో క్యాన్ నిండేదేమో అని వెనక వరసలో గొణుక్కుంటాం, అంతే.

దయచేసి ఆ బిల్లు కట్టించండి సార్. కణాలు పోయిన స్కాలర్లకి గడువు పెంచండి. బిల్లు మాత్రం కట్టించండి. కాదు కూడదంటే కాదనే రాసివ్వండి, ఇంకో దారి చూసుకుంటాం. ఈసారి కూడా “సంబంధిత శాఖకు పంపడమైనది” అని మెసేజ్ పెట్టకండి. ఆ సంబంధిత శాఖ మీదే.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్